నీరటి కావలెను

సిద్దిపేటకు చుట్టాలొస్తే ముందు ఛాయ్ పోస్తాం, తర్వాత కోమటి చెరువు చూపిస్తాం. వేలాడే వంతెన, గ్లో గార్డెన్, పడవలు. చుట్టం కట్ట పొడుగునా తిరిగి, సెల్ఫీలు దిగి, 'దీని ముందు హైదరాబాద్ ట్యాంక్‌బండ్ ఎంత' అని మెచ్చుకుని బస్సెక్కుతాడు. ఈ చెరువుకు నీళ్లు ఏ దిక్కు నుంచి వస్తాయని మాత్రం అడగడు. మర్యాదస్తుడు. అడిగితే మనమెటు చెయ్యి చూపిస్తాం?

అయినా నీళ్ల బెంగ మనకెందుకు, గోదావరి ఉండగా! మేడిగడ్డ దగ్గర సముద్రమట్టానికి 100 మీటర్ల ఎత్తున పారే నీళ్లను కొండపోచమ్మ సాగర్ దగ్గర 618 మీటర్లకు ఎక్కించుకున్న జిల్లా మనది. 2020 ఏప్రిల్‌లో రంగనాయక సాగర్‌కు నీళ్లొచ్చాయి, 2022 ఫిబ్రవరిలో 50 టీఎంసీల మల్లన్న సాగర్ ప్రారంభమైంది. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగితే, ఆ పాపం ఎవరిదని అసెంబ్లీ మొదలు హోటల్ బల్ల దాకా కొట్లాడుకున్నాం. లిఫ్టుల మీద, మోటార్ల మీద మనలో ప్రతివాడూ చీఫ్ ఇంజినీరే. మన మిద్దె మీద పడ్డ వాన పల్లాన ఉన్న చెరువుకు చేరాలంటే మాత్రం మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, కాలువ ఒక్కటి చాలు. అదే చిక్కు. అంత చవక పనికి శిలాఫలకం ఎక్కడ పెడతాం?

మన పెద్దలు అమాయకులు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండాలని గొలుసుకట్టుగా కట్టారు. గొలుసు విలువ తెలిసినవాళ్లం మనమే, గజాల లెక్కన అమ్ముకున్నాం. 2015లో మిషన్ కాకతీయ కింద 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీయాలనుకున్నారు. ఒండ్రు మట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. మంచి పనే, వెక్కిరించను. కాకపోతే చెరువులో ఉన్నది పూడిక, తీసేయాలి. కాలువలో పోసిన మొరం డెవలప్‌మెంట్, దాన్ని ముట్టుకోవద్దు.

పది హెక్టార్లు దాటిన చెరువు అంచు నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు వదలాలని బిల్డింగ్ రూల్స్ చెబుతాయి. తెలంగాణలో చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ రాళ్లకు మాత్రం ఒక జబ్బుంది. ఎండాకాలం దూపైతే నీళ్ల దిక్కు నడుస్తాయి. వానలు పడ్డాక వెనక్కి రావు.

మనకు పర్యావరణం పట్టదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. ప్లాస్టిక్ వద్దని స్టీల్ బ్యాంకులు పెట్టుకున్న ఊరు మనది. ఫంక్షన్‌కు కంచాలు, గ్లాసులు అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. మొన్నొక విందులో చూశాను: తళతళలాడే స్టీల్ కంచంలో బగారన్నం, దాని పక్కన బోర్లించిన స్టీల్ గ్లాసు, దాని మీద ఆనించి అర లీటరు ప్లాస్టిక్ సీసా. సగం తాగి, మూత తిప్పి, కుర్చీ కింద పెట్టి లేచారు. 'గ్లాసులు వాడితే మళ్లీ తోముడెవరు?' అంది వడ్డించే అక్క. నిజమే, గ్లాసు పరిశుభ్రంగా మిగిలింది. సీసా మోరీలో పడింది. మోరీకి మాత్రం చెరువు దారి బాగా ఎరుక.

ఇబ్రహీంపూర్‌లో ఇంటింటికీ ఇంకుడు గుంత ఉందని దేశం నలుమూలల నుంచి వచ్చి చూసిపోయారు. మనమూ చూసొచ్చాం. వచ్చి, కారు టైర్లకు బురదంటిందని వాకిలంతా టైల్స్ వేయించాం.

కోమటి చెరువు లైట్లు వేయడానికి మనిషున్నాడు, పడవ తోలడానికి మనిషున్నాడు. తూము ఎత్తి దించి, కాలువ వెంట నడిచి గండి పడ్డచోట మట్టి వేసే నీరటి ఒకప్పుడు ఊరూరా ఉండేవాడు. పంటల మీద ఊరు ఆయనకు ఇంత గింజ కొలిచేది. ఆ కొలువు ఖాళీగా ఉంది కాబట్టి ఈ ప్రకటన:

నీరటి కావలెను. వాన దంచే రాత్రి దుప్పటి కప్పుకుని పడుకోనివారు అర్హులు. జీతం గింజల్లో కుదరదు, ఊళ్లో గజాలు తప్ప గింజల్లేవు. పాత కట్టు కాలువ ఎక్కడుండేదో నడిచి చూపించినవారికి ప్రాధాన్యం. నడుస్తుండగా సొంత ఇంటి కాంపౌండ్ గోడ అడ్డమొస్తే, దరఖాస్తు అక్కడికక్కడే వాపసు తీసుకునే సౌకర్యం కలదు.