వారం మంచిదే, ముహూర్తమే బాగాలేదు

మంగళవారం మంచి పని మొదలుపెట్టడానికి మనవాళ్లు వెనకాడతారు. మైక్రోసాఫ్ట్‌వాళ్లకు ఆ పట్టింపు లేదు. 2003 నుంచి ప్రతి నెలా రెండో మంగళవారమే అప్‌డేట్లు వదులుతున్నారు. అక్కడ పొద్దున పదైతే మనకు రాత్రి పదిన్నర, చలికాలమైతే పదకొండున్నర. కంప్యూటర్‌లోకి దిగేది ఎటూ బుధవారమే కాబట్టి కోలార్ జిల్లాలోని మా మాలూరు పారిశ్రామికవాడకు వారదోషం అంటదు. దోషమంతా ముహూర్తంలోనే ఉంది.

గేటు దగ్గర లారీ సిద్ధం. ఈ-వే బిల్లు కోసం డ్రైవరు కిటికీలోంచి తల దూర్చాడు. అప్పుడే తెర మీద చక్రం తిరగడం మొదలు, 'కంప్యూటర్ ఆఫ్ చేయకండి' అని హెచ్చరిక. ముప్పై శాతం దగ్గర అది ధ్యానంలోకి వెళ్తుంది. డ్రైవరు టీ తాగొస్తాడు. ముప్పై ఒకటి. డ్రైవరు ఈసారి భోజనానికి వెళ్తాడు.

ఒకప్పుడు ఆఫీసుకు కంప్యూటర్ వస్తే కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి ఆన్ చేస్తే సరిపోయేది. ఇప్పుడు దాన్ని ఇంట్యూన్ అనే మైక్రోసాఫ్ట్‌వాళ్ల అజమాయిషీ సాఫ్ట్‌వేర్‌లో చేర్పించాలి. కంపెనీ పోర్టల్ తెరిచి, ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అయి, తెర మీది రెండంకెలు ఫోనులో కొట్టాలి. ఇక పాస్‌వర్డ్ ఎంత పొడుగుండాలో, పెన్‌డ్రైవ్ పెట్టనివ్వాలో లేదో, ఎప్పుడు రీస్టార్ట్ కావాలో బెంగళూరులోని అడ్మిన్ ఇష్టం. ఉద్యోగం మానేస్తే అక్కణ్నుంచే మొత్తం తుడిచేయొచ్చు. కోలార్ బంగారు గనుల్లో షిఫ్టు దిగినవాణ్ని గేటు దగ్గర తడిమి పంపేవాళ్లు. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తడమడం ల్యాప్‌టాప్‌లోకి బదిలీ అయింది.

మొన్న ఒక గుమాస్తాకు హెల్ప్‌డెస్క్ నుంచి ఫోన్:

"అన్నా, మీ మిషన్ నాన్ కంప్లయంట్ అని చూపిస్తా ఉంది."

"అదేం తప్పు చేసిందప్పా?"

"నెల నుంచి చెక్-ఇన్ కాలేదన్నా."

"రోజూ తొమ్మిదికి నాతోనే చెక్-ఇన్ అవుతా ఉంది కదప్పా!"

"అందుకే మీ మెయిల్ బ్లాక్ అయిపోయింది. ఎట్లా సరిచేసుకోవాలో మెయిల్ పెట్టినా, చూసుకోండి."

అలాగని అప్‌డేటే వద్దనుకుంటే ఏమవుతుందో పొరుగునున్న చిత్తూరు చెబుతుంది. విండోస్‌లోని ఒక కంతకు మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న మాటు పంపింది. వేసుకోనివాళ్ల కోసం మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చింది. చిత్తూరు సహా ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లకు తాళం పడింది. దొంగలు పోలీసుల ఫైళ్లనే బందీ చేసి, కంప్యూటర్‌కు 300 డాలర్లు అడిగారు.

వచ్చిందల్లా ఒకేసారి అందరికీ వడ్డిస్తే ఏమవుతుందో 2024 జూలై 19న తెలిసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు ఫైలుతో మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తిరిగాయి. హైదరాబాద్‌లో విమానమెక్కిన ఒకాయన చేతిరాత బోర్డింగ్ పాసు దేశమంతా చూసింది. చాలా యంత్రాల్ని ఒక్కొక్కటిగా మనిషే వెళ్లి బాగుచేయాల్సి వచ్చింది. డిస్కుకు తాళం ఉన్నచోట 48 అంకెలు చేత్తో కొట్టాలి. ముందు కొద్దిమందికి పంపి చూసి, తర్వాత మిగతావాళ్లకు పంపి ఉంటే ఇంత జరిగేది కాదు.

విండోస్ అప్‌డేట్లకు ఆ వెసులుబాటు ఇంట్యూన్‌లో ఉంది. జట్లుగా విడగొట్టి పంపొచ్చు, పని వేళలు చెప్పొచ్చు, గడువు దాటాక ఏడు రోజుల దాకా గ్రేస్ ఇవ్వొచ్చు. కానీ పై అధికారికి చూపించే నివేదికలో అన్ని గళ్లూ పచ్చగా ఉండాలి. లారీకి అందులో గడి లేదు.

అడ్మిన్ గారూ, అప్‌డేట్ పంపండి, తప్పకుండా పంపండి. మాలూరులో సరుకు ఏ వేళకు కదులుతుందో మా గేటు సెక్యూరిటీకి తెలుసు. ఒక్క ఫోన్ చేసి ఆయన్ని అడిగి, ఆ తర్వాత గడువు పెట్టండి.