తిరునాళ్లలో తప్పిపోయిన మాంత్రికుడు

హ్యారీ పాటర్ మీద ఓ కొత్త కథ అల్లి, అభిమానులు రాసే కథల వెబ్‌సైటు ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’లో పెట్టడమంటే, పిల్లాణ్ని తిరునాళ్లలో వదిలేసి ఎవరైనా ఎత్తుకుని ముద్దాడకపోతారా అని చెట్టుకింద కూర్చోవడమే. 2009లో తెరుచుకున్న ఆ భాండాగారంలో రచనలు కోటి దాటాయి; పాటర్ కథలే లక్షల్లో ఉన్నాయి. ప్రకటనల గోల లేదు, ‘ఇది చదవండి’ అంటూ మీదకు తోసే యంత్రమూ లేదు. మెచ్చదగ్గ సంగతే. కాకపోతే జాబితాలో తాజాగా పెట్టిందో, కొత్త భాగం చేరిందో ముందుంటుంది. కథంతా ఒకేసారి పెట్టిన బుద్ధిమంతుడు చూస్తుండగానే అడుక్కి పోతాడు. ముప్ఫై ముక్కలు చేసి వారానికొకటి వదిలినవాడు ముప్ఫైసార్లు పైకి తేలతాడు. (ఈ కిటుకు మన వారపత్రికలకు ఎప్పుడో తెలుసు.) పోనీ, కుడోస్ (పాఠకులు నొక్కే మెచ్చుకోలు గుర్తులు) వరసన వెతికితే? నలుగురూ మెచ్చిందే మళ్లీ నలుగురికీ కనబడుతుంది. పెళ్లయినవాడికే సంబంధాలు!

మంచి కథను పాఠకుడే వెతుక్కుంటాడని కొందరి ధీమా. అతను ముందు చూసేది కథను కాదు, ట్యాగులను: ఎవరికి ఎవరితో జోడీ, చివరికి ఏడుపా నవ్వా. అక్కడ ‘చదివితే మీకే తెలుస్తుంది’ అని ఊరిస్తే అంతే సంగతులు. ఇష్టం కొద్దీ రాస్తున్నాం, పాఠకులతో పనేమిటనేవారూ ఉన్నారు. అయితే బల్ల సొరుగు చాలదా, అర్ధరాత్రి లేచి కుడోస్ లెక్కపెట్టుకోవడం దేనికి? ఆర్కైవ్ పేరే మన పేరనుకోవడానికీ లేదు: 2019లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది ఆర్కైవ్‌కు, అందులోని ఒక్కో కథకు కాదు. రచయితలూ, ఇవాళ్టికి మీ కథ పక్కనపెట్టి, కుడోస్ పడని కథ ఒకటి చదివి రెండు ముక్కలు రాయండి.