బొటనవేలి కింద

హిందూపురంలో ధర్మవరం ప్యాసింజరెక్కి కూర్చున్న రిటైర్డు అయ్యవారు సంచిలోంచి 'రామాయణ విషవృక్షం' తీశాడు. 1974లో దాని మొదటి భాగం వచ్చినప్పుడు ఎంత రచ్చ జరిగి ఉంటుందో ఎదుటి సీటులోని పెద్దాయన మొహం చూస్తే అర్థమైపోయింది.

"జటాయువు పడిన లేపాక్షి కాడినుంచి వస్తాండా. నా ముందర ఆ పుస్తకం తీస్తావా సామీ? దాన్ని కాల్చల్ల."

అయ్యవారు ఈ మాట కోసమే కాచుకున్నట్టున్నాడు. నచ్చిన మాట రాసేదానికి హక్కెందుకప్పా, నచ్చని మాటకే కదా హక్కు కావాల్సింది అన్నాడు. చలాన్ని గడప తొక్కనివ్వనోళ్లే 'మైదానం' దాచుకొని చదివినారన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. 2007లో హైదరాబాదు ప్రెస్ క్లబ్బులో తస్లీమా నస్రీన్ మీద పడినోళ్లకూ మీకూ తేడా ఏముందన్నాడు. వాళ్లతో పోల్చేసరికి పెద్దాయన లేచి నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు పట్టి కూర్చోబెట్టాల్సొచ్చింది.

పెనుకొండలో ఒక డిగ్రీ కుర్రాడు ఎక్కి మధ్యలో ఇరుక్కున్నాడు. చేతిలో పాత పేపరుతో అట్ట వేసిన పుస్తకం. అట్ట మీద పెన్నుతో రాసుకున్న పేరును పెద్దాయన తల వంచి, కూడబలుక్కుంటూ చదివాడు: "దళిత సమస్య పరిష్కారానికి... బుద్ధుడు చాలడు... అంబేద్కరూ చాలడు..." మిగతాది వాడి బొటనవేలి కింద ఉంది.

"శెబాష్! ఎవరప్పా రాసింది? గుండె ధైర్యమంటే ఇదీ!"

అయ్యవారి మొహం మాడిపోయింది. "అణగారినోళ్ల మనసు నొప్పించే రాతకు హక్కేంది? దీన్ని అచ్చేసిన ప్రెస్సును మూయించల్ల."

"నచ్చని మాటకే హక్కు కావాలంటిరి కదా సామీ ఇందాక?"

"అది వేరే, ఇది వేరే."

"ఇందాక నా మనసు నొయ్యలేదా? రాసుకోనీలే సామీ, ఎవరి హక్కు వాళ్లది!"

హిందూపురంలో ఒకరి నోట ఉన్న మాట పెనుకొండ దాటేసరికి రెండోవారి నోట్లోకి మారింది. టికెట్టు కూడా కొనకుండానే.

కుర్రాడికి నవ్వొచ్చినట్టుంది. బొటనవేలు తీశాడు. కింద 'మార్క్స్ కావాలి' అని ఉంది. ఆ కింద రాసినామె పేరు.

పెద్దాయన కళ్లజోడు సర్దుకొని చూశాడు. "రంగ... రంగనాయకమ్మ?"

"అవును తాతా. అయ్యవారి చేతిలో ఉండేది రాసినామే."

ధర్మవరం దాకా ఇద్దరూ ఒకే మాట మీదున్నారు. ఆమె పుస్తకాలు అచ్చు కాకూడదు.