రెండర్ అవుతాంది

మా ఇంట్లో నా మీదున్న ప్రధాన అభియోగం ఒకటే. ఏ పని చెప్పినా "రెండర్ అవుతాంది" అంటానట. నిజమే, అంటాను. కుళాయి నీళ్ళొచ్చినా, కల్లంలో చెనిక్కాయలు ఎత్తాల్సొచ్చినా, గ్యాస్ బండ మార్చాల్సొచ్చినా నా లాప్‌టాప్‌లో ఏదో ఒక బొమ్మ రెండర్ అవుతూనే, అంటే తయారవుతూనే ఉంటుంది. కంప్యూటర్‌ను మధ్యలో వదిలి లేస్తే ఏమవుతుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకుండా చూసుకున్నాను.

మాది కదిరి-మదనపల్లె రోడ్డు మీది తనకల్లు. 2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాం గానీ వానలు మాత్రం పాత జిల్లావే పడుతున్నాయి, అంటే పడటం లేదు. మిద్దె మీది గదిలో కూర్చుని వీడియో గేముల్లోని గోడలకూ స్తంభాలకూ పైతోలు తయారుచేయడం నా వృత్తి. సబ్‌స్టెన్స్ డిజైనర్ అని ఒక సాఫ్ట్‌వేర్. ఫ్రాన్సులో అలెగోరిథమిక్ అనే కంపెనీ పుట్టించింది, 2019లో అడోబీ కొనేసింది. అందులో కుంచె పట్టే పని తక్కువ. నోడ్లనే చిన్న చిన్న డబ్బాలు పెట్టి ఒకదానికొకటి తీగలతో కలపాలి. "అల్లుడేం జేస్తాండాడమ్మా?" అని మా మామ అడిగితే మా ఆవిడ "డబ్బాలకు తీగలు కడతాండాడు నాయనా" అంది. ఆయన ఆ మాట నమ్మి, బోరు మోటారు స్టార్టరు చూసిపొమ్మని నాకు కబురు పెట్టారు.

ఈమధ్య ఒక గేములోని గుడి పని వచ్చింది. లేపాక్షి లతా మంటపం స్తంభాల మీది నగిషీల్లాంటివి ఒకే చిత్రంలో ఒకదాని కింద ఒకటిగా 16 అడ్డపట్టీలు. ఒక్కో పట్టీని విడగొట్టి, పక్కకు ఒక్కో దూరం జరిపి, ఒక్కోదాన్ని ఒక్కో పాళ్ళలో అరగదీయాలి. నేనేం చేశాను? 16 క్రాప్ నోడ్లు పెట్టాను. వాటికి జరపడానికి 16, పగుళ్ళకు 16, పాచికి 16, అన్నీ మళ్ళీ అతకడానికి 15 బ్లెండ్లు. తెర నిండా తీగలు ఊడలు దిగి, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానులా మొదలెక్కడో నాకే తెలియకుండా పోయింది. ఎక్కడ ఒక్క అంకె మార్చినా లాప్‌టాప్ ఫ్యాన్ చప్పుడు కింద వంటింటిదాకా వినిపించేది. ఆ చప్పుడు వినిపించినంతసేపూ నన్నెవరూ పిలిచేవారు కాదు.

ఇక్కడే అసలు సంగతి చెప్పాలి. ఇంతకంటే తేలిక దారి నాకు మొదటినుంచీ తెలుసు.

మా ఆవిడ పుట్టిల్లు ధర్మవరం, మగ్గాల ఇల్లు. లతా మంటపం తీగలు చీరల అంచుల్లోకి దిగి చాలా కాలమైంది కాబట్టి, కాఫీ ఇవ్వడానికి వచ్చి ఆ బొమ్మలను తెర మీద ఇట్టే గుర్తుపట్టింది. "యాలయ్యా ఇన్ని ముక్కలు కోస్తాండావు? మా నాయన మగ్గం మీద బొమ్మనెవురూ కొయ్యరు. జకార్డులో ఒక్కో అట్ట ఒక్కో వరస. ఆ వరసలో ఏ పోగు లేయాల్నో అట్టలోని బెజ్జాలే చెప్తాయి" అంది.

సరిగ్గా అదే తేలిక దారి. పిక్సెల్ ప్రాసెసర్ అని ఒక నోడ్ ఉంది. మనం రాసిన లెక్కను అది చిత్రంలోని ప్రతి పిక్సెల్‌తోనూ చేయిస్తుంది. పిక్సెల్ నిలువు స్థానం 0 నుంచి 1 లోపు ఉంటుంది. దాన్ని 16తో గుణించి దశాంశాలు కొట్టేస్తే 0 నుంచి 15 దాకా పట్టీ నంబరు వచ్చేస్తుంది. ఆ నంబరును బట్టి ఎంత పక్కకు జరగాలో, ఎంత అరగాలో లెక్క తేలుతుంది. కోత లేదు, అతుకు లేదు. రేపు 32 పట్టీలు కావాలంటే ఒక్క అంకె మారిస్తే చాలు. 2048 పిక్సెళ్ళ ఎత్తులో 16 పట్టీలైతే ఒక్కోటి కచ్చితంగా 128. అదే 12 అంటే 170 దాటి ముక్కలు మిగిలి పట్టీలన్నీ ఒకే ఎత్తున రావు. ఇంకో తిరకాసు కూడా ఉంది. జరపాల్సిన దూరాన్ని 8 బిట్ల బూడిద రంగులో దాచుకుంటే ఉండేవి 256 మెట్లే, 2048 వెడల్పులో మెట్టుకు 8 పిక్సెళ్ళ గెంతు. 16 బిట్లు పెట్టుకోవాలి. పాచీ పగుళ్ళూ చివర్లో మొత్తం చిత్రానికి ఒకేసారి పూస్తే సరి.

ఆమె చెప్పాక కూడా కోస్తూ కూర్చుంటే బాగుండదని మార్చాను. ఫ్యాన్ నోరు మూసుకుంది. ఇల్లంతా నిశ్శబ్దం. ఐదు నిమిషాల్లో "ఏమయ్యా, ఖాళీనా?" అని కేక.

"రెండర్..." అని మొదలుపెట్టాను. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి నా భుజం మీదుగా తొంగిచూసింది. నోడ్ కింద అది పనిచేసిన సమయం చూపించే సౌకర్యం ఒకటుంది. ఎందుకు ఆన్ చేసుకున్నానో నాకే తెలియదు. "అమ్మా, ఈడ 9 ఎంఎస్ అని ఉంది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు."

కింది నుంచి జవాబు రాలేదు. పెళ్ళయినప్పటినుంచీ నేను చెప్పిన రెండర్లన్నీ ఆమె కూడుకుంటోందని అర్థమైంది. ఆ పూట చెనిక్కాయలు నేనే ఒలిచాను.

రాత్రి అందరూ పడుకున్నాక అవుట్‌పుట్ సైజును 2048 నుంచి 8192కు పెంచాను. పని ఇచ్చిన కంపెనీ అడగలేదు. పిక్సెళ్ళు 16 రెట్లయ్యాయి, ఫ్యాన్ మళ్ళీ నోరు విప్పింది. పొద్దున కుళాయి వచ్చే వేళకు ధీమాగా కుర్చీలో చేరగిలబడ్డాను.

"అమ్మా, నాన్న సైజు పెంచినాడు!"

"తగ్గించి రమ్మను. బిందెలు మూడుండాయి."