దవడలో బోరు

గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్ట పొలాల్లో పంటిని పరీక్షించే తిండి పండినంత దండిగా, ఆ పంటిని కాపాడే నీళ్ళు ఎన్నడూ పడలేదు. వేయించిన వేరుశనగకాయలు, సంక్రాంతికి వండిన అరిసెలు, పండగ వెళ్ళిన పదో రోజుకు కూడా మెత్తబడని చెక్కలు, టెంకతో సహా కొట్టిన ఆవకాయ ముక్క, నాటుకోడి పులుసులోని ఎముక, ఇవన్నీ తినేవాడికి ముప్ఫై రెండు పళ్ళూ ఉన్నాయన్న నమ్మకంతో వండినవే తప్ప బోసినోటి మీద దయతలచి వండినవి కావు. పెళ్ళి విందులో పప్పూ పెరుగూ మాత్రమే కలుపుకుంటున్న పెద్దమనిషిని చూసి పక్క విస్తరివారు మొదట షుగరు ఉన్నదేమోనని, తరువాత పళ్ళు లేవేమోనని అనుమానిస్తారు. రెండో అనుమానమే నిజమని తేలితే, ఆయన పళ్ళు కట్టించుకోకపోవడానికి కారణం పొలం మీది అప్పా, కొడుకుల పీనాసితనమా అన్న చర్చ పాయసం వచ్చేదాకా సాగుతుంది. ఊడిన పంటి స్థానంలో ఏమి పెట్టించుకోవాలన్నది ఈ ప్రాంతంలో వైద్యుడి దగ్గరకు వెళ్ళడానికి ముందే మిర్చి యార్డులో తేలవలసిన ప్రశ్న.

ఇక్కడి పళ్ళకు భారతీయ వైద్య చరిత్రలో ఒక స్థానం ఉన్నది గాని, అది ఊరి పొలిమేరలో బోర్డు రాసి పెట్టుకోదగినది కాదు. తాగునీటిలోని ఫ్లోరైడు వల్ల మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ అనే జబ్బును మన దేశంలో మొదటిసారి వర్ణించినది షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రచురించిన వ్యాసం. అందులోని రోగులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెవాసులు. పొదిలి, దర్శి, కనిగిరి ఉన్న ఆ జిల్లా మెట్ట భాగం 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టడంతో, జబ్బు కూడా జిల్లా మారింది. శాస్త్రజ్ఞులకన్నా ముందే అక్కడి రైతులు తమ ఎద్దులు కీళ్ళు పట్టేసి నడవలేకపోవడాన్ని గమనించారని ఫ్లోరోసిస్ చరిత్ర రాసినవారు చెబుతారు. ఒంగోలు గిత్తను కన్న నేలలో మనిషి పళ్ళకన్నా ఎద్దు కాళ్ళ మీదికి ముందు చూపు పోవడంలో వింతేమీ లేదు.

అసలు పళ్ళు దవడ లోపల తయారవుతున్న పసివయసులో నీటి ద్వారా ఫ్లోరైడు మోతాదు మించి చేరితే, పంటిని కప్పి ఉండే ఎనామెల్ అనే గట్టి పొర సరిగా ముదరక, మొదట సుద్ద మచ్చలు, తరువాత గోధుమరంగు చారలు, జబ్బు తీవ్రమైతే గుంటలు పడి పెచ్చులూడడం జరుగుతుంది. వీటినే జనం గార పళ్ళంటారు. భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు ఉండవచ్చు, వేరే గతి లేనప్పుడు 1.5 దాకా సర్దుకోవచ్చు. ఈ నేల అడుగున ఉన్నది ఫ్లోరైడు ఖనిజాలు కలిసిన రాయి గనుకా, వానలు తక్కువై నీటికోసం ఆ రాతిని తొలుచుకుంటూ పోక తప్పలేదు గనుకా, రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు పైకి వచ్చేటప్పుడు తన వెంట తెచ్చినది దాహానికి మందూ, పంటికి మచ్చా. ఇంతా చేసి, పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ రూపొందించినప్పుడు దానికి నల్గొండ పద్ధతి అని పేరు పెట్టారు. జబ్బు ముందు బయటపడినది ఇక్కడైతే, విరుగుడులో పేరు పొరుగువారిది.

గార పట్టినా నోట్లో ఉన్న పన్ను ఉన్నట్టే. పిప్పి పట్టో, చిగుళ్ళ జబ్బుతో కదిలో, పీకించుకున్న తరువాత మిగిలే ఖాళీయే అసలు చిక్కు, ఇంప్లాంట్ పుట్టినది ఆ ఖాళీ కోసమే. ఇంప్లాంట్ అంటే పన్ను కాదు, పంటి వేరుకు బదులుగా దవడ ఎముకలో దించే టైటానియం స్క్రూ. దాని మీద అబట్‌మెంట్ అనే చిన్న మెడ, ఆ మెడ మీద పింగాణీతోనో జిర్కోనియాతోనో చేసిన క్రౌన్, అంటే జనం క్యాపు అనే పై పన్ను, కూర్చుంటాయి. స్క్రూ లావు సాధారణంగా 3.5 నుంచి 5 మిల్లీమీటర్లు, పొడవు 8 నుంచి 13 మిల్లీమీటర్లు. ఈ పనిని కనిగిరి రైతుకు బోధపరచడానికి వైద్యుడు పెద్దగా శ్రమపడనక్కరలేదు, ఎందుకంటే ఇది అచ్చంగా బోరు వెయ్యడమే. పొలంలో పాయింటు చూసే మనిషి అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని నడిచి, కాయ నిటారుగా లేచిన చోట మడమతో గుర్తు పెడితే, దంతవైద్యుడు కోన్ బీమ్ సి.టి. అనే, దవడ ఎముకను మూడు కొలతల్లోనూ చూపే ఎక్స్‌రే తీయించి గుర్తు పెడతాడు. కింది దవడలో పెదవికి స్పర్శనిచ్చే నరానికి కనీసం 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచాలి. పై దవడలో సైనస్ అనే గాలిగదిలోకి పొడుచుకుపోకూడదు. పొలంలో బోరు తప్పితే డబ్బు పోతుంది. దవడలో తప్పితే డబ్బుతో పాటు పెదవి తిమ్మిరెక్కి, కాఫీ గడ్డం మీదికి కారుతున్న సంగతి ఎదుటివారు చెబితే గాని తెలియదు.

తొలిచేటప్పుడు సెలైను నీళ్ళు ఆగకుండా పోస్తూనే ఉంటారు, వేడెక్కిన ఎముక చచ్చిపోతుంది గనుక. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలితే చాలు, ఎముకకు హాని తప్పదని స్వీడన్ పరిశోధకులు 1983లో తేల్చారు. ప్రతి మే నెలలోనూ ఆ అంకెకు కూతవేటు దూరంలో కాపురం చేసే పల్నాటి రెంటచింతల వాసులు ఈ వార్త వింటే తమ ఎముకల మీద తమకే గౌరవం కలగవచ్చు.

ఎముక ఒక పరాయి లోహాన్ని ఎందుకు ఒప్పుకుంటుందన్నది కూడా స్వీడన్‌లోనే బయటపడిన సంగతి. పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే వైద్యుడు 1952 ప్రాంతంలో కుందేలు కాలి ఎముకలో నెత్తురు ప్రవహించే తీరును చూడడానికి టైటానియం గొట్టాలు అమర్చి, పని అయిపోయాక, లోహం ఖరీదైనది కదా మళ్ళీ వాడుకుందామని బయటికి తీయబోతే అవి రాలేదని చెబుతారు. ఎముక వాటిని పట్టుకుని తనలో కలుపుకున్నది. వాడిన గోనెసంచిని దులిపి మళ్ళీ వాడే గుంటూరు వ్యాపారి ఈ పరిశోధకుడి పొదుపును మెచ్చుకోక మానడు. ఎముక లోహాన్ని ఇట్లా అంటిపెట్టుకోవడానికి ఆయన పెట్టిన పేరు ఆస్సియోఇంటిగ్రేషన్. 1965లో ఆయన దగ్గర మొదటిసారి ఇంప్లాంట్లు పెట్టించుకున్న యోస్టా లార్సన్, కింది దవడలో ఒక్క పన్నూ లేక బాధపడినవాడు, 2006లో మరణించేదాకా వాటితోనే నమిలాడు. దంతవైద్యులు మాత్రం 1982లో టొరంటో సదస్సు జరిగేదాకా ఈ సంగతిని పెద్దగా నమ్మలేదు.

ఇక ధర. ఒక ఇంప్లాంటుకు, పై పన్నుతో సహా, పట్టణపు దంతవైద్యశాలల్లో సుమారు 25,000 నుంచి 50,000 రూపాయల దాకా పలుకుతుంది. మిర్చి ధర పడిపోయిన 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలు 11,781 రూపాయలుగా జోక్యపు ధర ప్రకటించినది. ఆ లెక్కన ఒక్క పన్ను రెండు నుంచి నాలుగు క్వింటాళ్ళ పైచిలుకు మిర్చికి, అంటే గుంటూరు యార్డు భాషలో చెబితే నలభై నలభై ఐదు కిలోల టిక్కీలు, అంటే బస్తాలు, ఐదు నుంచి పదింటికి సమానం. ధర ఇరవై వేలు దాటిన ఏడాది దవడ పన్ను కట్టించుకుందామని కూర్చున్న రైతు, మరుసటి ఏడు అదే పంటకు ముందుపన్ను సగం కూడా రాదని తెలుసుకుని, ఎడమవైపు నమలడం అలవాటు చేసుకుంటాడు. అంతర్జాతీయ దంతవైద్య పత్రికల్లో ఇంప్లాంట్ వైఫల్యానికి పొగాకు, మధుమేహం, చిగుళ్ళ జబ్బు కారణాలని రాస్తారు గాని, మొదలు పెట్టకముందే విఫలమయ్యేవాటిలో మిరపను తినేసే తామర పురుగుల పాత్ర గురించి ఇంకా ఎవరూ రాసినట్టు లేదు.

డబ్బు దొరికినా కాలం దొరకాలి. స్క్రూ దిగిన రోజే దాని మీద బరువు మోపితే ఎముక అంటుకోకముందే కదిలిపోయే ప్రమాదం ఉన్నందున, మొదటినుంచీ వస్తున్న పద్ధతిలో కింది దవడకు మూడు నెలలు, ఎముక మెత్తగా ఉండే పై దవడకు ఆరు నెలలు ఆగమంటారు. ఎముక గట్టిగా ఉండి స్క్రూ బిగుతుగా కూర్చుంటే ఇంకా తొందరగా పెట్టే పద్ధతులూ ఇప్పుడు వచ్చాయి. మార్చిలో మిరప అమ్మిన డబ్బుతో పై దవడలో స్క్రూ దించుకున్నవారికి పన్ను వచ్చేసరికి దసరా. ఈ మధ్యలో వచ్చేది మే నెల, అంటే ఆవకాయ. జాడీ మూత తీసి, కొత్త కారం ఎర్రగా తేలిన నూనెలోంచి పెద్ద ముక్కను పైకి లాగి, వేడన్నంలో కలిపిన ముద్ద పక్కన పెట్టుకుని, టెంకను పంటి కింద ఒక్క కొరుకు కొరికి పులుపంతా పీల్చే కార్యక్రమం ఇంటిల్లిపాదీ జరుపుతుంటే, ఇంప్లాంటు యజమాని మాత్రం ఊరగాయ పిండినీ నూనెనీ వేలితో కలుపుకుని గుటకవేస్తూ, టైటానియం ఎముకలో కలిసిపోయే గంభీర ప్రక్రియను ధ్యానించవలసి ఉంటుంది. ఆరు నెలల నియమంలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. స్వీడన్‌లో ఆవకాయ లేకపోవడం బ్రోనెమార్క్ విజయానికి కొంత తోడ్పడి ఉండవచ్చు.

పొగాకు సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. పొగ నెత్తుటి నాళాలను కుంచింపజేసి గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది గనుక చుట్టా సిగరెట్టూ కొన్ని వారాలు మానమని వైద్యులు చెబుతారు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయమున్న గుంటూరులోనూ, వేలం కేంద్రాలున్న ఒంగోలులోనూ కూర్చుని ఈ మాట చెప్పవలసిన వైద్యుడికి గొంతు కొంచెం సవరించుకోక తప్పదు.

పన్ను వచ్చాక మిరపకారం ఎట్లా తెలుస్తుందన్న సందేహం ఇక్కడ సహజం. కారం పంటికి తెలిసేది కాదు. మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీదా బుగ్గల లోపలా వేడిని గుర్తించే గ్రాహకాలను రేపుతుంది, ఆ గ్రాహకాన్ని గుర్తించిన పరిశోధనకు డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. కట్టుడు పళ్ళ సెట్టు అంగిలిని కప్పేసి రుచిని కొంత మింగేస్తుందే గాని ఇంప్లాంట్ ఆ పని చెయ్యదు, కాబట్టి తేజ మిర్చి ఘాటుకు తగ్గింపు దొరకదు. పోయేది మరొకటి ఉన్నది. సహజమైన పన్ను దవడలో బిగిసి ఉండక సన్నని నారపొరలో వేలాడుతూ, ఆ నారల్లోని నరాల ద్వారా అన్నంలో ఇసుక రేణువంత రాయిని కూడా పసిగడుతుంది. ఇంప్లాంటుకు ఆ పొర లేనందున సన్నని రాయి తెలియదు. వంటింటివారికి ఇది ఒక విధంగా మేలే.

ఇంతకూ తీర్పు చెప్పవలసి వస్తే, ఇంప్లాంట్ మంచి వస్తువే గాని మొదటి పరిష్కారం కాదు. "నొప్పి పుట్టిస్తంది డాట్రుగారూ, పీకిపారెయ్యండి" అన్న మాటకు "పీకితే ఎముక కూడా తగ్గిపోద్ది పెద్దాయనా, రూట్ కెనాల్ చేసి ఉంచుకుందాం" అని బదులిచ్చే వైద్యుడు ఆ పెద్దాయనకు కనీసం ఐదు టిక్కీలు మిగిల్చినట్టే. పన్ను పీకిన మొదటి ఏడాదిలోనే దవడ గట్టు వెడల్పు సగం దాకా తగ్గవచ్చు, అప్పుడు స్క్రూ దించడానికి చోటు చాలక ఎముకను కూడా అరువు తెచ్చి అతకవలసి వస్తుంది. ఇరువైపులా పళ్ళు అరగదీసి కట్టే బ్రిడ్జీ, తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళూ ఇంకా చౌకగానే దొరుకుతున్నాయి. అవి సిగ్గుపడవలసినవేమీ కావు, రాత్రిపూట గ్లాసులో వేసిన సెట్టును మనవళ్ళు దాచిపెట్టడం మినహా. ఇంప్లాంటుకు పిప్పి పట్టదు గాని, దాని చుట్టూ చిగురు వాచి ఎముక కరిగే జబ్బు రావచ్చు, కాబట్టి బ్రష్షుకు సెలవు లేదు.

ఇన్ని ఆలోచించి కూడా స్క్రూ దించుకోవాలని నిశ్చయించినవారికి ఒక విన్నపం. దిగిన రోజే వైద్యుణ్ణి అడిగి, స్క్రూ తయారు చేసిన కంపెనీ పేరు, లావు, పొడవు, బ్యాచి నంబరు ఉన్న కార్డు తప్పకుండా తీసుకోండి. ఒక కంపెనీ స్క్రూకు మరో కంపెనీ మెడ చాలాసార్లు సరిపోదు, పదేళ్ళ తరువాత ఆ మెడను బిగించిన చిన్న స్క్రూ వదులైతే అప్పటి వైద్యుడికి ఆ కార్డే ఆధారం. దాన్ని ఇంట్లో ఎవరూ పారెయ్యని చోట, పట్టాదారు పాసుపుస్తకంలో పెట్టి ఉంచండి.