స్వయంచలిత శకట మాహాత్మ్యము

గూగుల్ సంస్థ 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో విశాఖపట్టణమున కృత్రిమ మేధా కేంద్రమును నెలకొల్పుదునని 2025 అక్టోబరులో ప్రకటించిన నాటినుండియు, మా పట్టణమున ఆ మేధ తప్ప వేఱొక మేధ చెల్లుబాటు కాకున్నది. బీచిరోడ్డు హోటళ్లలో జరుగు సదస్సులలో మైకు అందుకొన్న ప్రతి వక్తయు, ఓడరేవునుండి ఉక్కు కర్మాగారమువఱకు లారీలు తమంతట తామే నడిచిపోవు శుభదినము ఆసన్నమైనదనియు, ఆ యంత్రము నిద్రింపదు, త్రాగదు, సెల్‌ఫోను చూడదు గనుక దానికి దోషమనునది అంటదనియు సెలవిచ్చుచున్నాడు. త్రాగి నడుపువారితో వేసరిన జనులు చప్పట్లు చరచుటలో వింత లేదు. నూటికి 94 ప్రమాదములకు మానవుడే కారణమను అంకె యొకటి తెరపై మెఱయును. అది అమెరికా రహదారి భద్రతా శాఖవారు వెలువరించినదే; కాని, ఆ అంకెను తప్పు ఎవరిదో తేల్చిన తీర్పుగా గ్రహింపరాదని ఆ శాఖవారే చేసిన హెచ్చరికకు మాత్రము తెరపై చోటు చాలదు.

ఆ యంత్రమునకు కన్నులు కలవు. వాని కథ వినదగినది. 2018లో మిచిగన్, వాషింగ్టన్ మొదలగు విశ్వవిద్యాలయముల పరిశోధకులు ‘స్టాప్’ అను ఫలకముపై నలుపు తెలుపు ముక్కలు నాలుగు అంటింపగా, గుర్తింపు యంత్రము దానిని గంటకు 45 మైళ్ల వేగపరిమితిగా చదువుకొనెను. 2020లో మెకాఫీ సంస్థవారు 35 అను అంకెలో మూడు యొక్క నడిమి గీతను నల్లని టేపుతో కొంచెము పొడిగింపగా, 2016 నాటి టెస్లా కారు అది 85 అని నమ్మి వేగము పెంచసాగెను. ఇంతటి ప్రయోగమునకు వారికి ప్రయోగశాలలును, నిధులును వలసివచ్చినవి. మా పట్టణమున జిగురు బకెట్టు, చీపురు, అర్ధరాత్రి తిరుగుటకొక మోపెడు గల ప్రతివానికిని ఈ విద్య కరతలామలకము. మద్దిలపాలెమునుండి గాజువాకవఱకు పోయి చూడుడు: మలుపు బాణము తలపై మూలశంక వైద్యుడు, నిదానముగా పొమ్మను హెచ్చరికపై గొడ్డలి యెత్తిన కొత్త సినిమా కథానాయకుడు, వేగపరిమితి అంకెను సగము మ్రింగిన ట్యుటోరియల్ కళాశాల ర్యాంకు! ఇది మాకు చిరకాలాభ్యాసము గనుక ఫలకములను చదువుట మానుకొని ఎదుటి బండివాని ముఖమును చదువుచున్నాము. ముఖము చదువనేరని యంత్రము పాపము ఫలకమునే చదువును; మూలశంక వైద్యుని ఫోను నంబరును వేగపరిమితిగా భావించి అది పరుగు లంకించుకొన్నచో, దానిని నిందించుటకు నాకు మనసొప్పదు.

కన్నును మోసగించువాడు వీధిలోనికైన రావలెను. లోపలి నరములను పట్టి ఆడించువానికి ఆ శ్రమయు లేదు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అను ఇరువురు నిపుణులు సెల్‌ఫోను జాలము మీదుగా, పాటలు వినిపించు పరికరమను దొడ్డిదారిన జీప్ చెరోకీ కారులో దూరి, పెద్ద రహదారిపై పోవుచున్న దానిలో చలిగాలి వీచించి, రేడియో మ్రోగించి, తుదకు యాక్సిలరేటరు ఎంత త్రొక్కినను వేగము అందుకొనకుండ చేసిరి. లోపల నున్నది పాత్రికేయుడు, వీరికి తెలిసినవాడు. కావున అది ప్రదర్శనతో ముగిసినది. 14 లక్షల వాహనములను కంపెనీ వెనుకకు పిలిచినది. విరుగుడును పెన్‌డ్రైవులలో నింపి యజమానులకు తపాలాలో పంపినది. మేఘమండలమునుండి వచ్చిన ఆపదకు మందు పోస్టుమాను సంచిలో దొరకినదన్నమాట! ఇంత జరిగినను మా వక్త తన వ్యవస్థ అభేద్యమనును. పద్మవ్యూహమునకే ఒక అభిమన్యుడు దొరకిన దేశములో ఈ మాట ఇంత తేలికగా ఎట్లు వచ్చుచున్నదో!

రేవు పట్టణమువారికి ఈ బోధ చేయుట మఱియు చోద్యము. 1933లో తెరచిన మా రేవులోనికి వచ్చు కెప్టెను, మహాసముద్రములను ఆటోపైలటు మీద విడిచి సుఖముగా కాఫీ సేవించుచు వచ్చిన ఘనుడైనను, డాల్ఫిన్ కొండ ప్రక్కనున్న ఇఱుకు కాలువలో ప్రవేశించుటకు ముందు ఇక్కడి నీటి గుట్టు తెలిసిన రేవు పైలటును ఓడపైకి ఎక్కించుకొనక తప్పదు. నీటిపై ఇంత జాగ్రత్త పాటించు ఊరిలో, అంతకంటె కుటిలమైన జ్ఞానాపురము కాన్వెంటు జంక్షనుకు మాత్రము స్థలమెఱిగినవాడు అక్కఱలేదట. అచ్చట ఒక బొగ్గు లారీ వెనుకకు మరలుట ఎప్పుడైన చూచితిరా? క్లీనరు క్రిందికి దుమికి, టార్పాలిను అంచున అరచేతితో దబదబ చరచుచు “రానీ, రానీ, రానీ… ఆగాగు!” అని అఱచును. అదే క్షణమున చేపల గంప నెత్తిన పెట్టుకొన్న ముసలమ్మ, ఎటును చూడకయే కుడిచేయి ఎత్తి, బండ్ల నడుమనుండి దాటిపోవును. ఆ చేయి ఆమె ఆగుదునని చెప్పుట కాదు, నిన్ను ఆగుమనుట. ఈ వ్యాకరణము లారీవానికి తెలియును. యంత్రమునకు నేర్పవలెనన్నచో మొదట ఆ ముసలమ్మను గురువుగా కుదుర్చుకొనవలెను.

ఈ కష్టమెఱిగిన పెద్దలు లేకపోలేదు. హైదరాబాదు ఐఐఐటీవారు మన వీధుల చిత్రములు పదివేలు సేకరించి, ఆటోలకును, పశువులకును, చివరకు రోడ్డు కాకున్నను బండి పోగల మట్టి నేలకును వేఱు వేఱు తరగతులు కల్పించి, మొత్తము 34గా విభజించిరి. ఐఐటీ హైదరాబాదువారు 130 కోట్ల రూపాయల పథకముతో కంది ప్రాంగణమున పరీక్షాక్షేత్రము నిర్మించి, 2022 జులైలో ప్రారంభించుకొనిరి. వారు ప్రహరీ లోపల పరీక్షించుచున్నారు. మా వక్తలు ప్రహరీ వెలుపలినుండి హామీలిచ్చుచున్నారు.

ఇక దోషము అంటదను మాట. 2018 మార్చి 18వ తేదీ రాత్రి అమెరికాలోని టెంపీ నగరమున, సైకిలు నడిపించుకొనుచు రోడ్డు దాటుచున్న ఒక స్త్రీని ఉబర్ వారి ప్రయోగ వాహనము ఢీకొనగా ఆమె మరణించెను. యంత్రము ఆమెను ముందే చూచెను. చూచి, తెలియని వస్తువనియు, వాహనమనియు, సైకిలనియు మార్చి మార్చి తలపోసెను. గీతలు లేనిచోట మనుష్యులు రోడ్డు దాటుదురను ఊహయే దానికి నేర్పబడలేదని దర్యాప్తు సంఘము తేల్చెను. గీతలున్నచోటనే దాటువాడు మా ఊరిలో ఇంకను పుట్టవలసి యున్నది. అటుపిమ్మట కంపెనీపై నేరము మోపుటకు ఆధారము లేదని అక్కడి ప్రాసిక్యూటరు చెప్పెను. సీటులో కాపలాకై కూర్చున్న ఉద్యోగిని 2023లో నేరము ఒప్పుకొని మూడేండ్ల పర్యవేక్షణ శిక్ష పొందెను. ఆమె కన్నులు ఫోనుపై నున్న మాట నిజమే. కాని ఈ శకటశాస్త్ర రహస్యము ఇక్కడనే విశదమగుచున్నది: బండి నడుచుటకు మనిషి అక్కఱలేదు, నేరము మోయుటకు మాత్రము ఒక మనిషి సీటులో ఉండవలెను. యంత్రమునకు దోషము అంటదని వక్త చెప్పినది అక్షరాల సత్యము.

డ్రైవర్ల బ్రతుకుతెరువు పోవునని కేంద్ర రవాణా మంత్రి గడ్కరీగారు ఇట్టి వాహనములను రానీయనని 2023లో పలికిరి. వారి కారణము పెద్దది. నాది చాల చిన్నది. ప్రమాదము జరిగినచో గాయపడినవానికి వైద్యము అందునట్లు చూడవలసినవాడును, పోలీసులకు తెలియజేయవలసినవాడును డ్రైవరో, బండికి బాధ్యుడైన వేఱొకడో యని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 134వ సెక్షను శాసించుచున్నది. అయ్యా, ఆ మనిషి యెవరో పేరును, ఇంటి నంబరును వ్రాసి, క్రింద సంతకము చేసి మాకు ముందుగా ఇండు. పిదప మీ రథమును కాన్వెంటు జంక్షనుకు తోలుకొని రండు.