జవాబు మీది, ప్రశ్న మాది

తిరుపతిలో ఇప్పుడు ఎవరూ నోటితో ఏదీ అడగడం లేదు. కాలేజీకి న్యాక్ గుర్తింపు కావాలంటే గూగుల్ ఫారం లింకు. అపార్ట్‌మెంట్‌లో కొత్త బోరు వెయ్యాలంటే లింకు. ఉగాది పోటీలకు పులిహోర కావాలా, పొంగలి కావాలా అన్నదానికీ లింకే. ఆ లింకుతోపాటు ఒక అభయం కూడా వస్తుంది: "తప్పులుంటే తర్వాత ఎడిట్ చేసుకుందాంలే సార్."

ఈ 'తర్వాత'లో ఎంత మహిమ ఉందో చూడాలంటే ఒక హాస్టల్ మెస్‌ను ఊహించుకోండి. ఫారంలో ప్రశ్న, "సాంబారు బాగుంటోందా?" పిల్లలు మనసారా "లేదు" నొక్కారు. వార్డెన్‌ది పాపభీతి గల ప్రాణం, జవాబుల జోలికి పోడు. ప్రశ్నను మాత్రం కాస్త దిద్దుతాడు: "సాంబారు మార్చాల్సిన అవసరం ఉందా?" గూగుల్ ఫారంలో ప్రశ్నను దిద్దితే, దానికి తగిలించిన షీటులో ఆ నిలువు వరుస నెత్తిన ఉన్న శీర్షిక తనంతట తనే మారిపోతుంది. కింది జవాబులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. లేదు, లేదు, లేదు. పాత సాంబారే కావాలని విద్యార్థిలోకం ఏకగ్రీవంగా తీర్మానించినట్టయింది!

"జవాబులు అట్లనే ఉండాయి కదా సార్, మేమేం మార్చినాం?" అంటాడు. కాణిపాకం తీసుకుపోయి వినాయకుడి ముందు ప్రమాణం చెయ్యమన్నా చేస్తాడు. కోనేట్లో మునిగి మరీ చేస్తాడు. మన వైపు అంతకుమించిన కోర్టు లేదు. ఆ కోర్టులో కూడా ఈ కేసు నిలవదు, జవాబులు నిజంగానే పిల్లలవి కాబట్టి.

ప్రశ్న మారినట్టు జవాబిచ్చినవాళ్లకు కబురు రాదు. వాళ్లు తమ జవాబు దిద్దుకోవాలంటే ఫారం పెట్టినాయన అందుకు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి. అడిగినవాడికి ఎన్ని మార్పులైనా ఉచితం, చెప్పినవాడిది మాత్రం రాతి మీద రాత.

ప్రశ్నలో మాట మారితే జవాబూ మారుతుందన్నది పాత సంగతే. 1941లో అమెరికాలో డొనాల్డ్ రగ్ అనే ఆయన ఒకే సంగతిని రెండు రకాలుగా అడిగించి చూశాడు. ప్రజాస్వామ్యాన్ని తిట్టే ఉపన్యాసాలను అనుమతించాలా అంటే 62 శాతం మంది వద్దన్నారు. నిషేధించాలా అంటే అవునన్నది 46 శాతమే. పాపం, అందుకోసం ఆయన రెండు వేర్వేరు గుంపులను వెతుక్కోవాల్సి వచ్చింది. ఎడిట్ బటన్ లేని కాలం, ఏం చేస్తాడు.

నిజంగా మార్చక తప్పని సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. శ్రీకాళహస్తి తిరుపతి జిల్లాకు పోయింది, మదనపల్లె అన్నమయ్య జిల్లాకు పోయింది, పలమనేరు చిత్తూరులోనే ఉండిపోయింది. అప్పటికే నడుస్తున్న సర్వే ఏదైనా ఉంటే అందులో కొత్త జిల్లాల పేర్లు చేర్చాల్సిందే, కాదనను. కానీ ఏప్రిల్ 3న 'చిత్తూరు' నొక్కిన శ్రీకాళహస్తి ఆయన, 5న అదే నొక్కిన పలమనేరు ఆయన షీటులో ఒకే జిల్లావాళ్లు. 3న నొక్కినాయన ఏ కొత్త జిల్లాకు చెందుతాడో ఊరి పేరు అడక్కుండా తేల్చడం బ్రహ్మతరం కాదు.

దీనికి మందు లేకపోలేదు. పాత ఫారం మూసేసి, దాని నకలు తీసి, దిద్ది, కొత్తగా పంపాలి. రెండింటి లెక్కలూ విడివిడిగా చూపించాలి. పది నిమిషాల పని. చిక్కల్లా ఏమిటంటే, అట్లా చేస్తే మొదటి ఫారంలోని "లేదు"లు "లేదు"లుగానే మిగిలిపోతాయి. రిపోర్టుకు అవి పనికిరావు.

ఫారం పంపగానే "మీ జవాబు నమోదైంది" అని ఒక వాక్యం కనిపిస్తుంది చూశారా? అది కూడా ఎడిట్ చేసుకోవచ్చు. "మీ జవాబు నమోదైంది, ప్రశ్న ఏమిటో తర్వాత చెబుతాం" అని పెట్టుకోమని నా సలహా.